గిన్నెలో మిగిలేది

కార్తీకం మూడో వారానికల్లా వంటింటి గోడ మీది కాగితానికి పోపు మరకలు పడ్డాయి. కోడలు రాధాకుమారి మైదా ఉడకబెట్టి, నాలుగు మూలలూ అదిమి మరీ అంటించిన కాగితం అది. హైదరాబాదులో హోంసైన్సు చదివిన పిల్ల కాబట్టి గళ్ళు తిన్నగా కొట్టింది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి. ఏ గడిలో ఏం తినాలో, ఎంత తినాలో. అన్నిటికన్నా పైన ఎర్ర సిరాతో అత్తగారి పేరు, పున్నమ్మ. పక్కన ఎనభై ఎనిమిది కిలోలు. దాని కింద రెండు గీతలు కొట్టి, వారానికి ఒక కిలో తగ్గాలి అని రాసింది.

వంటమనిషి భూమవ్వకు అక్షరం ముక్క రాదు. అయినా ఆ కాగితం ఆమెకు కంఠతా వచ్చు. పొద్దున ఒక జొన్నరొట్టె, ఉడికించిన పాలకూర. మధ్యాహ్నం చారెడన్నం, పప్పు, దోసకాయ ముక్కలు, వెన్న తీసిన మజ్జిగ. సాయంత్రం జామకాయ. రాత్రి మళ్ళీ రొట్టె, సొరకాయ కూర. నూనె రోజుకు మూడు చెంచాలు, ఇంటి మొత్తానికి. ఇంట్లో ఒకరికి ఒక వంట, మిగతావాళ్ళకు ఇంకో వంట అయితే పెద్దామెకు నోరూరుతుందని అందరికీ ఇదే కాగితం.

ఆ గురువారం ఎసరు మరుగుతుండగా రాధాకుమారి స్టీలు గ్లాసుతో బియ్యం ముంచి, చాకు వీపుతో అంచు మీద గీసింది. పైకి లేచిన గింజలు డబ్బాలోకే రాలిపోయాయి.

“చిన్నమ్మా, ఇంకో పిడికెడు ఎయ్యనా. పెద్దయ్య పొలం పోయొచ్చిండు, ఆకలి మీద ఉంటడు,” అంది భూమవ్వ.

“వద్దు భూమవ్వా. మిగిలిందంటే అత్తయ్యగారి చెయ్యి ఊరుకోదు. నలుగురం తిని లేచేసరికి గిన్నె ఖాళీ అవ్వాలి. లెక్కంటే అదీ.”

లెక్క మంచిదే. ఆ పిల్లకు చెడ్డ బుద్ధి లేదు, అత్తగారు బతకాలని కాళ్ళకు చక్రాలు కట్టుకుని తిరుగుతోంది. కాకపోతే ఆ లెక్కలో మనుషులు నలుగురే, అత్తా మామా, తనూ మొగుడూ.

వర్ని రోడ్డు మీది ఆ క్యాంపులో కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొన్న ఇళ్ళు ముప్ఫై దాకా ఉంటాయి. ఏ ఇంట్లో అయినా వంటమనిషికి కోతల తర్వాత ఏడాదికింత అని వడ్లు ఇస్తారు, దసరాకు చీర పెడతారు. ఇంట్లోవాళ్ళు తిన్నాక గిన్నెలో మిగిలేది ఆమె ఇంటికి తీసుకుపోతుంది. ఇది ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకున్నది కాదు. పున్నమ్మది దండి చెయ్యి. తవ్వతో కొలిచి పోశాక, ఎసట్లోకి వంగి రెండు గుప్పిళ్ళు ఊరికే వేసేది. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. మధ్యాహ్నం దాటాక భూమవ్వ సత్తుగిన్నె మూత బిగుసుకుని ఉండేది.

ఇప్పుడు గంజి కూడా లేదు. గంజి వార్చితే సత్తువంతా నీళ్ళపాలవుతుందని కాగితంలో ఉంది. నీళ్ళు కొలిచి పోసి, అత్తెసరు పెట్టి, చుక్క వార్చకుండా దించాలి. ఆ గంజిలోనే ఇంత ఉప్పు వేసుకుని తాగి భూమవ్వ ఇన్నేళ్ళూ మధ్యాహ్నం దాకా నిలబడింది.

నలుగురూ తిని చేతులు కడుక్కున్నారు. భూమవ్వ గిన్నె ముందేసుకుని అట్లకాడతో అంచులు గీకింది. అడుగున అరచేతి వెడల్పు మాడు చెక్క లేచింది. పప్పు గిన్నెలో నీళ్ళు తొలిపి, ఆ నీళ్ళు మాడు మీద పోసి సత్తుగిన్నెలో పెట్టుకుంది. నడుస్తుంటే మూత లొడలొడమని కొట్టుకుంది. ఆ చప్పుడు ఎవరైనా వింటారేమోనని సిగ్గుపడి కొంగు చుట్టింది.

కాలువ గట్టు దాటితే ఆమె ఊరు. రోడ్డు మీద చెరుకు బండ్లు వరసగా బోధన్ పోతున్నాయి. ఫ్యాక్టరీ తిరగడం మొదలై వారం అయింది, గాలి ఇటు మళ్ళితే పొలాల మీదంతా పాకం వాసన. ఊరంతా తీపి వాసనే, తినడానికి మాత్రం బాలింతకు చెరుకు పడదు. పిల్లకు జలుబు చేస్తుంది.

ఇంట్లో ఉన్న బాలింత భూమవ్వ కూతురు ముత్తెమ్మ. తొలి పురుడుకు వచ్చింది. పిల్లకు మూడో నెల నడుస్తోంది. ఐదో నెలలో అత్తగారింటికి తోలాలి, అప్పటిదాకా తల్లీబిడ్డల మంచీ చెడూ తల్లిగారిదే. పాత వడ్లు పురుటి ఖర్చులోనే అయిపోయాయి, కోతలు ఇంకా పదిహేను రోజులున్నాయి. అందుకే గిన్నెలో వచ్చేదాని మీద ఇద్దరు పెద్దవాళ్ళు, ఒక పసిది ఆధారపడ్డారు.

ముత్తెమ్మ మాడు చెక్కను రెండుగా విరిచింది.

“నువ్వు తిన్నవా అవ్వా?”

“తినొచ్చిన. ఆళ్ళింట్ల తినకుంట పంపుతరా,” అంది భూమవ్వ. కాగితం సంగతి కూతురికి చెప్పింది గానీ, తన కడుపు సంగతి మాత్రం ఇరవై రోజులుగా ఇదే అబద్ధం. చెప్పీ చెప్పీ అలవాటై ఇప్పుడు నాలుక తడబడటం కూడా లేదు.

పిల్లను రొమ్ముకు పట్టుకుంది ముత్తెమ్మ. అది నాలుగు గుటకలు లాగి, వదిలేసి, మొహం అటు తిప్పి కెవ్వున ఏడ్చింది. రెండోవైపు మార్చింది. అక్కడా అంతే.

“మొన్నటి దాంక రైక తడిసేది. ఇప్పుడు పిండినా చుక్క అస్తలేదు,” అంది ముత్తెమ్మ, ఎవరిదో సంగతి చెబుతున్నట్టు.

*

శుక్రవారం పొద్దున్నే పున్నమ్మ తానం చేసి పూజగదిలో కూర్చుంది. కార్తీక మాసం కదా, పూజ పెద్దదే. అయితే ఈ ఏడు మరీ పెద్దదైంది. కాగితం గోడకెక్కిన నాడు నైవేద్యం నిమ్మకాయంత బెల్లం. రెండో వారానికి దానికి కొబ్బరి చిప్ప తోడైంది. ఇప్పుడు ఇత్తడి గిన్నెలో నేతితో కలిపిన చలిమిడి, పైన వడపప్పు, పక్కన అరటిపళ్ళు రెండు. పూజ సామాను పూజగదిలోనే వేరే ఉంటుంది, అది కోడలి లెక్కలోకి రాదు. హారతి అయ్యాక తలుపు ఓరగా మూసుకుంటుంది. తెరిచేసరికి దేవుడు కొంచెం, పున్నమ్మ కొంచెం తిని గిన్నె ఖాళీ అవుతుంది. దేవుడి వాటా ఎంతో భూమవ్వకు తెలుసు, ఆ గిన్నె తోమేది ఆమే.

పున్నమ్మ దొంగ మనిషి కాదు. కంచం ముందు కూర్చుంటే కాగితంలో ఉన్నదానికన్నా మెతుకు ఎక్కువ ముట్టదు, కోడలు వడ్డించబోయినా చెయ్యి అడ్డం పెడుతుంది. ప్రసాదం మాత్రం ఆమె దృష్టిలో తిండి కాదు. కళ్ళకద్దుకుని నోట్లో వేసుకునేది తిండి ఎట్లా అవుతుంది.

“భూమవ్వా, ఇట్రా.” గడప ఇవతల నిలబడ్డ ఆమె చేతిలో చిటికెడు చలిమిడి పెట్టింది. “కళ్ళకద్దుకో. మా అక్క నిరుడు ఇదే మాసంలో పొయ్యి దగ్గర కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయింది, తెలుసుగా. నాకంటే రెండేళ్ళే పెద్ద. నిజామాబాదులో డాక్టరు నా చెయ్యి పట్టుకుని ఏమన్నాడో తెలుసా. అమ్మా, మీ గుండె ఇద్దరు మనుషుల్ని మోస్తోంది, ఒకరిని దింపండి అన్నాడు. అప్పట్నుంచి రాత్రిళ్ళు ఎడమవైపు తిరిగి పడుకోవాలంటే భయం.”

“ఏం కాదమ్మా. దేవుడున్నడు.”

“ఉన్నాడనేగా ఈ పూజలు. ఏవిటే, అట్లా చూస్తున్నావు? ఏమన్నా చెప్పాలా?”

చెప్పాలి. రెండు గుప్పిళ్ళు వెయ్యమ్మా అని ఒక్క మాట. నాలుక చివరి దాకా వచ్చింది. కానీ పదకొండేళ్ళు నోరు తెరవకుండా గిన్నె నింపుకుపోయిన మనిషి ఇవ్వాళ అడిగితే, అది బిచ్చం అయిపోతుంది. రేపట్నుంచి ఆ ఇంట్లో నిలబడే తీరు మారిపోతుంది. మిగిలింది తీసుకుపోయే మనిషి వేరు, పెట్టమని అడిగే మనిషి వేరు. భూమవ్వకు పేదరికం కొత్త కాదు, అడగడం కొత్త.

“ఏం లేదమ్మా. తోటకూర ముదిరింది, రేపు పాలకూర తెమ్మని చెప్తున్న,” అని వెనక్కి తిరిగింది. చిటికెడు చలిమిడినీ చీర కొంగున ముడివేసుకుంది. నాలుక మీద పెట్టుకుంటే కరిగిపోతుంది. కరిగితే ముత్తెమ్మకు ఏముంటుంది.

*

శనివారం మధ్యాహ్నం రాధాకుమారి వంటింటి తలుపు దగ్గరికి వేసి భూమవ్వ ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. చేతిలో చిన్న నోటుబుక్కు.

“భూమవ్వా, నేను కోప్పడను. నిజం చెప్పు. మొదటి వారం అత్తయ్యగారు కిలో తగ్గారు. రెండో వారం ఆగిపోయింది. మొన్న సోమవారం మళ్ళీ మొదటికొచ్చింది. నేను కొలిచిందే పొయ్యిమీదికి వెళ్తే ఇట్లా జరగదు. పుస్తకంలో జరగదు, లోకంలోనూ జరగదు.”

“నువ్వు సూస్తనే ఉన్నవు గద చిన్నమ్మా. మూడు చెంచల నూనె కంటె సుక్క ఎక్కువ పొయ్యలే.”

“నేను చూడనప్పుడు? ఆవిడ ఆకలని గోల పెడితే నీకు జాలి వేస్తుంది. పదకొండేళ్ళు ఆవిడ ఉప్పు తిన్నావు. దొంగచాటుగా నువ్వే ఏదో పెడుతున్నావు.”

భూమవ్వ పాలకూర ఏరుతోంది. పండుటాకులు ఒకవైపు, మంచివి ఒకవైపు. చేతులు ఆగలేదు.

“నేనేం పెట్టలే.”

“మరెవరు పెడుతున్నారు? ఇంట్లో వంటగది తాళం ఉన్నది మనిద్దరి దగ్గరే.”

పూజగదిలో పీట జరిగిన చప్పుడైంది. పున్నమ్మ అక్కడే ఉంది. ప్రతి మాటా వింటోంది. తలుపు తీసి, నేనే తింటున్నానే రాధా అంటే అయిపోయే పని. తలుపు తెరుచుకోలేదు. భూమవ్వ ఆ తలుపు వంక ఒకసారి చూసి, మళ్ళీ ఆకుల మీదికి తల దించింది. దేవుడి గిన్నె మీద చాడీ చెప్పాలా. అదీ పెద్దామె వింటుండగా. తెరవకుండా కూర్చున్న పెద్దామె మీద మాత్రం ఆమెకు మొదటిసారి ఒళ్ళు మండింది.

“సరే. మా పుట్టింటి ఊళ్ళో తిరుపతమ్మ అని ఉంది. కొలతలు తెలిసిన మనిషి. ఈ సోమవారం కూడా బరువు తగ్గకపోతే ఆమెను పిలిపిస్తాను. నువ్వు ఏమీ అనుకోవద్దు. ఇది ప్రాణం సంగతి,” అంది రాధాకుమారి. నిజంగానే ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ప్రాణం సంగతే. ఎవరి ప్రాణమన్నదే తేలలేదు.

ఆ సాయంత్రం భూమవ్వ గట్టు దిగి ఇంటికి వస్తే పిల్ల ఏడుపు లేదు. రోజూ చింతచెట్టు మలుపు దగ్గరే వినబడేది. గబగబా లోపలికి వచ్చి చూసింది. మెలకువగానే ఉంది. కళ్ళు తెరిచి పైకప్పు చూస్తోంది. ఏడవడం లేదు.

“పొద్దుగాల్ల కెల్లి గిట్లనే ఉంది. ఏడుస్తలేదు, నవ్వుతలేదు,” అంది ముత్తెమ్మ. “మంచిగనే అయింది గదవ్వా. నిన్నటి దాంక ఒకటే ఏడుపు.”

“మంచిది కాదే,” అంది భూమవ్వ. అంతకన్నా చెప్పడానికి ధైర్యం లేక పిల్ల పొట్ట మీద చెయ్యి వేసింది. పొట్ట వెచ్చగానే ఉంది. చర్మం మాత్రం రెండు వేళ్ళతో పట్టుకుంటే పట్టుకున్నట్టే నిలబడింది. పక్కింటి రుక్మాబాయి మేకపాలు అరగ్లాసు ఇస్తే నీళ్ళు కలిపి, గుడ్డ పేలికతో ఒక్కో చుక్కా పెదాల మీద పిండారు. కొంత మింగింది, కొంత దవడ మీదుగా కారిపోయింది.

*

సోమవారం బరువు తూచేది ధాన్యం కొట్టులో, బస్తాలు తూచే కాటా మీద. మనుషులు ఎక్కే కాటా కోసం నిజామాబాద్ పోవాలంటే పున్నమ్మకు సిగ్గు. ఇక్కడైతే కొట్టు తలుపులు మూసుకోవచ్చు. పున్నమ్మ భర్త వీరరాఘవయ్య కాటా గుండు జరుపుతాడు, రాధాకుమారి నోటుబుక్కులో రాస్తుంది. దీపావళి ముందు మొదటిసారి తూచిన రోజు, కాటా సరిగ్గా ఉందో లేదో చూద్దామని ముందుగా ఆయన భూమవ్వనే ఎక్కించాడు. సుద్దముక్కతో తలుపు మీద నలభై ఆరు అని వేశాడు.

పున్నమ్మ చెప్పులు విడిచి, గాజులు పైకి తోసి, ఊపిరి బిగబట్టి పలక మీదికెక్కింది. వీరరాఘవయ్య గుండు జరిపాడు. కాటా కమ్మీ పైకే లేచింది. ఇంకో గీత జరిపాడు. అప్పటికి నిలిచింది.

“ఎనభై తొమ్మిది,” అన్నాడు ఆయన, మెల్లగా.

పున్నమ్మ మొహం పాలిపోయింది. చేత్తో గుండె దగ్గర చీర పట్టుకుని అక్కడే బస్తా మీద కూలబడింది. రాధాకుమారి నోటుబుక్కు మూసేసింది. తలుపు దగ్గర నిలబడ్డ భూమవ్వ వైపు తిరిగి, “నేను ముందే చెప్పాను భూమవ్వా,” అంది.

“ఆగమ్మా, తొందరపడకు. కాటాలో తేడా ఉందేమో. భూమవ్వా, నువ్వెక్కు,” అన్నాడు వీరరాఘవయ్య.

భూమవ్వ ఎక్కింది. ఆయన గుండు నలభై ఆరు దగ్గర పెట్టాడు. కమ్మీ కిందికి వాలిపోయింది. నలభై ఐదు. నలభై నాలుగు. నలభై రెండుకు గానీ తేలలేదు.

“చూశావా, నే చెప్పలా. నాలుగు కిలోలు తేడా కొడుతోంది,” అన్నాడు ఆయన తేలిగ్గా. “కాటా చెడిపోయింది, ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ చూపిస్తోంది. మీ అత్తకు ఏమీ కాలేదు.”

పున్నమ్మ ఊపిరి పీల్చుకుంది. మొహంలోకి రంగు వచ్చింది.

వీరరాఘవయ్య సరి చూసుకునే మనిషి. మూల నుంచి కుట్టిన బస్తా ఒకటి దొర్లించుకొచ్చి, తనే ఎత్తి పలక మీద పెట్టాడు. డెబ్బై ఐదు కిలోల బస్తా. ఆయన చేతుల మీదుగా నింపి కుట్టించింది. గుండు డెబ్బై ఐదు దగ్గర పెట్టాడు. కమ్మీ అటూ ఇటూ ఊగి, తిన్నగా నిలబడింది. ఆయన వంగి చూశాడు. గుండు తీసి మళ్ళీ పెట్టి చూశాడు. అంతే.

కాటా బాగానే ఉంది.

రాధాకుమారి మళ్ళీ నోటుబుక్కు తెరిచింది. అలవాటు కొద్దీ వేళ్ళు ముడుస్తూ లెక్క వేసింది. నాలుగు వారాలు. నాలుగు కిలోలు. వారానికి ఒక కిలో. కాగితం మీద తను రాసింది అక్షరం పొల్లు పోకుండా జరిగింది, జరగాల్సిన మనిషికి కాదు. ఆ పిల్ల భూమవ్వ మెడ ఎముకల వంక, రైక వదులైన భుజాల వంక మొదటిసారి చూసినట్టు చూసింది.

“నువ్వు ఇక్కడ తినట్లేదా?” అంది.

“మీరు తిన్నంక మిగిలితే తీస్కపోతుంటి చిన్నమ్మా. ఇప్పుడు మిగుల్తలేదు గద.”

పున్నమ్మ బస్తా మీద నుంచి లేవలేదు. తల ఎత్తలేదు.

*

రాధాకుమారి చేతనైనంత వేగంగా దిద్దుకుంది. మధ్యాహ్నానికల్లా కాగితంలో అడుగున ఇంకో వరస గీసింది. భూమవ్వ అని రాసింది. అన్నం గ్లాసు, పప్పు, కూర, పెరుగు, చెంచా నెయ్యి. అందరూ తిన్నాక వంటింట్లో విస్తరి వేసి భూమవ్వను కూర్చోబెట్టింది. తనే వడ్డించి, ఎదురుగా పీట వేసుకుంది.

“మొత్తం తినాలి. నా ఎదురుగానే తినాలి. ఇంటికి పట్టుకెళ్ళొద్దు, పట్టుకెళ్తే నీ నోటికి రాదని నాకు తెలుసు. నువ్వు నాలుగు కిలోలు ఎక్కాలి భూమవ్వా. నా వల్ల తగ్గావు.”

ఆ మాటలో మంచితనం తప్ప ఏమీ లేదు. అదే చిక్కు. ముత్తెమ్మ మాట ఎత్తుదామని భూమవ్వ నోరు తెరిచింది. నెయ్యి వాసన మొహాన కొట్టింది. అప్పటికి ఆమె సరిగ్గా తిని ఇరవై ఎనిమిది రోజులు. మొదటి ముద్ద నోట్లోకి పోయాక చెయ్యి ఆమె మాట వినలేదు. రెండో ముద్ద, మూడో ముద్ద. నమలకుండా మింగింది. నా బిడ్డ ఆడ ఎండిపోతుంటే నేను గిట్ల తింటున్న అని లోపల ఒకటే మాట తిరుగుతోంది, నోరు మాత్రం ఆగడం లేదు. ఆగేసరికి విస్తరి ఖాళీ. కొంగుతో మొహం కప్పుకుంది.

“ఎందుకేడుస్తావు? రోజూ పెడతాను,” అంది రాధాకుమారి, భుజం తట్టి.

ఆనాడు సత్తుగిన్నె వట్టిదే ఇంటికి వచ్చింది. భూమవ్వ పిల్లను ఒళ్ళో వేసుకుంది. అది కళ్ళు మూసుకునే తల తిప్పి వెతుకుతూ ఆమె వేలు పట్టుకుంది, నోట్లో పెట్టుకుని గట్టిగా లాగింది. ఆ వేలికి పప్పు, నెయ్యి వాసన పోలేదు. పిల్ల వదలలేదు. భూమవ్వకు త్రేనుపు వచ్చింది. ఆపుకోబోయింది, ఆగలేదు.

ముత్తెమ్మ పొయ్యి దగ్గర నుంచి తిరిగి చూసింది.

“ఏం తిన్నవవ్వా?” అంది. నిష్ఠూరంగా అనలేదు. ఆకలి మీదున్న మనిషి ఎలా అడుగుతుందో అలా అడిగింది.

భూమవ్వకు ఆ త్రేనుపుకన్నా ఆకలే నయమనిపించింది.

*

మంగళవారం ఎసరు పెట్టే వేళకు రాధాకుమారి గ్లాసు తీసుకుని డబ్బా దగ్గరికి వచ్చింది. భూమవ్వ లేచి నిలబడింది.

“నా పేరు కొట్టెయ్ చిన్నమ్మా. నాకొద్దు.”

“అదేం మాట?”

“ఇంట్ల బాలెంత ఉంది. నా బిడ్డ. మూడు నెలల పోరి ఉంది. తల్లికి పాలు ఎండిపోయినయ్. నన్ను కూసుండబెట్టి తినిపిస్తె ఆళ్ళ కడుపు నిండదు. తిని పోయి ఆళ్ళ ముంగట త్రేన్పు తీసిన నిన్న. మల్ల గా పాపం నాతోని కాదు. నన్ను తీసేస్తె తీసెయ్, తిరుపతమ్మను పిలుసుకో.”

ఇంత పొడుగు మాట ఆమె ఆ ఇంట్లో ఎప్పుడూ మాట్లాడలేదు. రాధాకుమారి గ్లాసు డబ్బా పక్కన పెట్టింది.

“బాలింత ఉందని నాకు తెలీదే. ముందే చెప్పొచ్చుగా. కాగితంలో రాసేదాన్నిగా,” అంది.

“గది రాసుకునేది కాదు చిన్నమ్మా.”

పూజగది తలుపు తెరుచుకుంది. పున్నమ్మ వచ్చింది. ఒక చేత్తో గోడ పట్టుకుంది, రెండో చేతిలో నైవేద్యం గిన్నె. నిండుగా ఉంది, ముట్టలేదు. దాన్ని తెచ్చి కోడలి ముందు గట్టు మీద పెట్టింది.

“ఇది కూడా రాసుకో రాధా. రోజూ ఇంత తింటున్నాను. నెల్లాళ్ళ నుంచి. భూమవ్వ నాకేమీ పెట్టలేదు. మొన్న నువ్వు దాన్ని నిలదీస్తుంటే తలుపు వెనక కూర్చుని విన్నాను. నోరు రాలేదు. చావంటే భయం, నీకు తెలిసిపోతుందంటే ఇంకా భయం.”

తర్వాత బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టింది. గుప్పెడు తీసి ఎసట్లో వేసింది. ఇంకో గుప్పెడు. భూమవ్వ వైపు ఒకసారి చూసి, మూడోది వేసింది. గింజలు రెండు మూడు పొయ్యిలో పడి చిటపటలాడాయి.

“అత్తయ్యా, లెక్క…”

“ఆ కాగితం నా ఒంటికి రాశావమ్మా. రాసినట్టే తింటాను, ఇవ్వాళ్టి నుంచి ఒట్టు. నా చేతికి రాయకు.”

ఆ మాటకే ఆయాసం వచ్చి పీట మీద కూర్చుంది. నుదురంతా చెమట. రాధాకుమారి విసనకర్ర కోసం పరుగెత్తింది. భూమవ్వ వంగి పొయ్యిలో కట్టె ఎగదోసింది. అన్నం ఉడికి గిన్నె అంచు దాకా పొంగింది.

*

సత్తుగిన్నె మూత బిగుసుకుని ఉంది. పైన పప్పు, వేరే ఆకులో వెల్లుల్లి కారం, చిన్న సీసాలో పాలు. భూమవ్వ దాదాపు పరుగున గట్టు దిగింది.

ముత్తెమ్మ మూత తీసి చూసింది. తర్వాత ముద్ద కలిపి తినడం మొదలుపెట్టింది. తల్లి ఎదురుగా పిల్లను పట్టుకుని కూర్చుంది. నాలుగు ముద్దలయ్యాక పిల్లను తీసుకుని రొమ్ముకు పట్టింది. అది లాగింది. ఆగింది. మళ్ళీ లాగింది. గుటక చప్పుడు వినబడుతుందేమోనని ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. వినబడలేదు.

“ఇయ్యాల తింటె ఇయ్యాలనే రావు. నాలుగు దినాలు వడ్తది. నువ్వు తిను,” అంది భూమవ్వ.

ముత్తెమ్మ ఇంకో రెండు ముద్దలు తిని చెయ్యి ఆపింది. గిన్నెలో సగానికి పైగా ఉంది. మూత పెట్టి, లేచి, ఉట్టి మీదికి ఎక్కించింది.

“ఏందే, తినవేమే. కడుపు నిండ తింటెనే గద పాలు. రేపు మల్ల తెస్త.”

ముత్తెమ్మ ఉట్టి తాడు సరిచేసింది.

“రేపు కాగితం మారితె?” అంది.

భూమవ్వ లేచి ఉట్టి దాకా వెళ్ళింది. గిన్నె అందేంత దగ్గరలోనే ఉంది. చెయ్యి ఎత్తలేకపోయింది.